కరెంటు పారే సిరా

ఈసారి గోడపత్రికలో సైన్సు పాఠం నా వంతు వచ్చింది.

పోయిన నెల నర్సమ్మ మన హాస్టలుకు వచ్చినప్పుడు తేదీ దాటిన షుగర్ పట్టీ ఒకటి అడిగి తీసుకున్నాను. (వాడనిది. రక్తం అంటినది ముట్టుకోకూడదు.) భూతద్దంతో చూస్తే దాంట్లో నల్లటి గీతలున్నాయి. తీగలేమో అనుకున్నా. కాదంట, సిరాతో అచ్చేసినవంట! ఆదోనిలో పెళ్లి పత్రికలు అచ్చేస్తారు చూడండి, అట్లనే. సన్నటి జాలీ గుడ్డ మీద సిరా వేసి రబ్బరు బద్దతో లాగితే గీత కిందికి దిగుతుంది.

ఈ సిరాలో మూడు ఉంటాయి. కరెంటు పారే పొడి, అంటే వెండి గానీ గ్రాఫైటు గానీ. దాన్ని పట్టుకునే బంక. తర్వాత ఆరిపోయే ద్రవం. రాగి చవకే, కానీ పొడి చేస్తే గాలికే చిలుము పడుతుంది, చిలుములో కరెంటు సరిగా పారదు. పట్టీ కొనకు ఎంజైము పూస్తారు. అది రక్తంలో చక్కెరను పట్టుకుంటే ఎలక్ట్రాన్లు బయటికొచ్చి సిరా గీత మీదుగా మీటరులోకి పోతాయి. చక్కెర ఎక్కువుంటే కరెంటు ఎక్కువ. ఎంజైముతో చక్కెర కొలవొచ్చని 1962లో అమెరికాలో లేలాండ్ క్లార్క్ అనే ఆయన చెప్పినాడు.

నేనూ చేసి చూసినాను. కాగితం మీద మెత్తటి పెన్సిలుతో లావుగా గీత రుద్ది, 9 వోల్టుల బ్యాటరీ, ఎర్రటి ఎల్.ఈ.డి. బల్బు తగిలించినా. రెండంగుళాల గీతకు వెలగలేదు. అరంగుళానికి వెలిగింది, మినుకుమినుకుమని. పెన్సిలు ముల్లూ, తొలకరిలో మన మద్దికెర, తుగ్గలి చేలల్లో జనం వెతికే వజ్రమూ రెండూ కార్బనే. కానీ వజ్రంలో ఎలక్ట్రాన్లన్నీ కట్టేసినట్టుంటాయి, కరెంటు పారదు. ఈ పనికి వజ్రం కంటే పెన్సిలే గొప్ప!

తర్వాత దీపం మసిలో తుమ్మబంక కలిపి సిరా చేసినా. నల్లగా బాగుంది, బల్బు మాత్రం వెలగలేదు. బంక ఎక్కువైందని టీచరమ్మ చెప్పింది. పొడి రేణువులు ఒకదానికొకటి తగలాలి, మధ్యలో బంక అడ్డం పడితే దారి తెగిపోతుంది. పెన్సిలు గీత ఉన్న కాగితాన్ని మడిస్తే కూడా బల్బు ఆరిపోయింది.

ఒంటి మీద అతికించే పట్టీలకు అసలు కష్టం ఇదే. చర్మం సాగుతుంది, ముడుచుకుంటుంది, గీత పగులుతుంది. అందుకే రబ్బరులాగ సాగే బంక కలుపుతారు, గీతను పాములాగ వంకరగా వేస్తారు.

ఇదంతా నేనెందుకు పట్టుకున్నానంటే, మా యాడి (అమ్మను మేము యాడి అంటాము) పోయిన మార్చిలో గుంటూరు వైపు మిరపకాయల కోతకు వలసపోయి ఎండలో పడిపోయింది. నీళ్లు బాగానే తాగింది, అయినా కాళ్లు పట్టేసినాయి. చెమటలో ఉప్పు పోయిందని డాక్టరు అన్నాడు. పడిపోకముందే ఎవరైనా చెప్పింటే?

2016లో కాలిఫోర్నియాలో అలీ జావీ బృందం చెమటలో సోడియం, పొటాషియం, చక్కెర, లాక్టేటు ఒకేసారి కొలిచే మణికట్టు పట్టీ చేసినారు. సోడియం అంటే ఉప్పులోదే. చెమటలో చక్కెర మాత్రం చాలా తక్కువ, రక్తంతో సరిగ్గా సరిపోదు. కాబట్టి షుగరుకు వేలు గుచ్చే పని దాంతో తప్పదు. మన హైదరాబాదు బిట్స్ పిలానీలో సంకేత్ గోయల్ సారు బృందం సిరా లేకుండానే, లేజరుతో ప్లాస్టిక్ పొరను కాల్చి కార్బన్ గీతలు చేసి సెన్సర్లు తయారు చేస్తున్నారు. వెండి అక్కర్లేదు కాబట్టి ఖర్చు తక్కువ. కూలిపనికి పోయేవాళ్ల చేతికి అందాలంటే ఆ తక్కువే కావాలి.

వచ్చే ఆదివారం సైకిల్ పంక్చర్ సొల్యూషన్‌లో పెన్సిలు పొడి కలిపి, పాత గుడ్డ మీద గీసి చూస్తాను. వాసన ఘాటు, కాబట్టి బయట వేపచెట్టు కింద, టీచరమ్మ ఉన్నప్పుడు. పొడి చాలా కావాలి. అరిగిపోయిన పెన్సిలు ముక్కలుంటే పారేయొద్దు, నాకియ్యండి.