నాలుగు కేంద్రకాల కోశం

పన్నెండో తరగతి జీవశాస్త్రంలో మనం అమీబియాసిస్ గురించి చదువుతాం. దానికి కారణం ఎంటమీబా హిస్టోలైటికా అనే ఏకకణ పరాన్నజీవి. 1875లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఫ్యోదర్ లోష్ అనే వైద్యుడు జిగట విరేచనాల రోగి మలంలో దీన్ని సూక్ష్మదర్శినితో చూసి వర్ణించాడు.

ఇది పెద్దపేగులో మిథ్యాపాదాలతో కదులుతూ, రెండుగా చీలుతూ పెరిగే దశను ట్రోఫోజాయిట్ అంటాం. వాటిలో కొన్ని కదలిక మాని, లోపలి ఆహారాన్ని వదిలేసి గుండ్రబడతాయి. ఇది పూర్వకోశ దశ. చుట్టూ గట్టి గోడ ఏర్పడితే కోశం తయారైనట్లే.

మలం నమూనాపై అయోడిన్ చుక్క వేసి చూస్తే కోశం ఎంత ముదిరిందో తెలుస్తుంది. లేత కోశంలో ఒకే కేంద్రకం, గోధుమరంగు గ్లైకోజన్ ముద్ద కనిపిస్తాయి. క్రమంగా కేంద్రకాలు రెండు, ఆపై నాలుగు అవుతాయి, గ్లైకోజన్ తరిగిపోతుంది. నాలుగు కేంద్రకాలున్న ముదురు కోశమే మరొకరికి వ్యాధిని అంటిస్తుంది. దాని వెడల్పు మిల్లీమీటరులో సుమారు వందో వంతు.

ఇక్కడ మనం గమనించాల్సింది ఒకటుంది. విరేచనాలతో బయటపడిన ట్రోఫోజాయిట్లు త్వరగా చనిపోతాయి. కోశాలు ఎక్కువగా కనిపించేది గట్టి మలంలో, అంటే చాలాసార్లు ఏ బాధా లేని మనిషిలో! అవి తేమలో రోజుల తరబడి బతుకుతాయి. తాగునీటిలో కలిపే మామూలు మోతాదు క్లోరిన్‌కు లొంగవు. నీళ్లు మరిగిస్తే చస్తాయి.

కాబట్టి సబ్బుతో చేతులు కడుక్కోవడం జబ్బుపడ్డవారి పని మాత్రమే కాదు, ఆరోగ్యంగా ఉన్నామనుకునే మనందరి పని.