పరుండినను అలసట తీరకుండుటేల?

జహీరాబాదు ప్రాంతమున జొన్న, కంది, చెరకు పండించు రైతు పగలెల్ల శ్రమించి రాత్రి మంచముపై వాలును. అయినను తెల్లవారుసరికి ఒడలు బరువుగనే యుండుట కలదు. పని మానుటయే విశ్రాంతి యని మనము తలచుచున్నాము. అది సగము మాత్రమే నిజము.

మంచె మీది కావలివానిని గమనింపుడు. అతడును పరుండియే యుండును. కాని ఆకు కదలిన చాలు, అడవిపంది వచ్చెనేమో యని చెవి రిక్కించును. 2018 జనవరిలో వ్యవసాయమునకు 24 గంటల విద్యుత్తు ప్రవేశపెట్టుటకు పూర్వము, రాత్రి కరెంటు కొరకు మోటారు వద్ద పడిగాపులు గాచిన రైతులకు ఈ సంగతి అనుభవమే. దేహము పరుండినది, కాపలా ముగియలేదు.

ఇట్టి కాపలా ఇంటిలోను కలదు. తల్లి పసిబిడ్డ ఏడ్పునకు, వేళ తెలియని కుళాయి నీటికి చెవియొగ్గియే నిద్రించును. ఇంటి యజమానికి అప్పు వాయిదా కలలోను గుర్తుకు వచ్చును. మనస్సు కాపలా కాయునంతవరకు కండరములును పూర్తిగా సడలవు.

ఈ విషయమునే అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్‌సన్ పరిశోధించెను. కదలక పరుండిన వారి కండరములలో సైతము వారికి తెలియకయే కొంత బిగువు మిగిలియుండునని ఆయన గ్రహించి, దానిని సడలించు పద్ధతిని 1929లో గ్రంథముగా వెలువరించెను. దీనికి ఖర్చు లేదు. పిడికిలి కొన్ని క్షణములు బిగించి, మెల్లగా వదలి, ఆ రెండు స్థితుల భేదమును గమనింపవలెను. పిదప భుజములు, ముఖము, ఉదరము, కాళ్లు వరుసగా అట్లే చేయవలెను. నొప్పి గల భాగమును మాత్రము బిగింపరాదు.

మరి రెండు సంగతులు. నిద్ర పట్టుటకు దేహపు లోవేడిమి కొంత తగ్గవలెను. వేసవిలో కాగిన రేకుల కప్పు క్రింద అది సులభము కాదు. కప్పుపై తెల్లని సున్నము పూసిన వేడిమి కొంత తగ్గును. ఇక మద్యము నిద్రను త్వరగా తెచ్చినను, రాత్రి రెండవ భాగమున దానిని చెరచును.

అయితే ప్రతివాని కాపలాను అతడొక్కడే దించుకొనజాలడు. ఇచ్చట పంచాయతీ సభ్యుల పాత్ర కలదు. నీరు వదలు వేళను నిర్ణయించి, ముందుగా చాటింపు వేయించిన తల్లులు నిశ్చింతగా నిద్రింతురు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ననుసరించి రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు మైకులు నిషిద్ధము. ప్రత్యేకానుమతి గల పండుగ దినములకు మినహాయింపు ఉండవచ్చును. దీనిని గ్రామసభలో అందరికిని తెలుపుడు.

వారముల తరబడి అలసట తీరనివారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపుడు. రక్తహీనత వంటి వ్యాధి కారణము కావచ్చును. దిగులుతో నిద్రపట్టని వారికి 14416 నంబరుపై టెలీ మానస్ సలహా ఉచితముగా లభించును. అప్పుల బాధతో మౌనము వహించిన రైతు మీ వీధిలోనే యుండవచ్చును. అతని తలుపు తట్టి కుశలమడుగుడని మేము మనవి చేయుచున్నాము. తన భారమును పంచుకొను వారున్నారని తెలిసిన రాత్రియే అతనికి నిజమైన విశ్రాంతి.