బాంబు చల్లారనివ్వండి

పార్వతీపురం నుంచి వెళ్లి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి, పరవాడ ఫార్మాసిటీలో క్యూసీ షిఫ్టులు చేస్తున్న పిల్లలు పండక్కి ఇంటికొస్తే నన్ను అడిగేది దాదాపు ఒకటే: "నెట్ రాసి పీహెచ్‌డీకి పోదామనుకుంటున్నామండీ. హైబ్రిడ్ లోహ ఫాస్ఫైట్ల మీద పని అంటున్నారు. చేరమంటారా?" చేరండి. కాకపోతే చేతిలో ఉన్న ఉద్యోగం వదిలేముందు ఆ పని రోజూ ఎలా ఉంటుందో తెలుసుకోండి.

జింకు ఉప్పో కోబాల్టు ఉప్పో, ఫాస్ఫరస్ ఆమ్లం, పిపరజీన్ లాంటి ఒక అమీన్, నీళ్లు. వీటిని టెఫ్లాన్ గిన్నెలో పోసి, స్టీలు తొడుగులో బిగించి, 110 నుంచి 180 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు రోజులు ఉంచుతారు. ల్యాబుల్లో దాన్ని బాంబు అనే అంటారు. లోహం, ఫాస్ఫైట్ కలిసి పందిరి అల్లుకుంటే, అమీన్ ఆ ఖాళీల్లో కూర్చుంటుంది, లేదా తనే లోహాన్ని పట్టుకుంటుంది.

గిన్నె మూడింట రెండు వంతులకు మించి నింపకండి. 200 డిగ్రీలు దాటనివ్వకండి: ఆ వేడికి ఫాస్ఫరస్ ఆమ్లం విడిపోయి ఫాస్ఫీన్ అనే విషవాయువు పుడుతుంది. పూర్తిగా చల్లారాకే మూత తియ్యండి. అనంతగిరి కొండల్లో కాశీపట్నం దగ్గర దొరికే అపటైటూ భాస్వరమున్న స్ఫటికమే. భూమి దాన్ని ఎంతో తీరిగ్గా పెంచింది. మనం ఇచ్చేది మూడు రోజులే, కనీసం చల్లారేటప్పుడైనా తొందరపెట్టకూడదు.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు ఒకటుంది. స్ఫటికాలు రాని బాంబులను కడిగేసి, నోటుబుక్కులో "ఏమీ రాలేదు" అని రాసి ఊరుకునేవాణ్ణి. ఆరు నెలల తర్వాత చూసుకుంటే అదే మిశ్రమం మూడోసారి పెట్టాను! మొదలుపెట్టేముందు పీహెచ్, తెరిచాక పీహెచ్, పొడి రంగు, ఓవెన్ అసలు వేడి, అన్నీ రాయండి. పోయిన బాంబులే రేపటి దారి చెబుతాయి.

స్ఫటికాన్ని ఎంచుకోవడం చేతి విద్య. పోలరైజ్డ్ మైక్రోస్కోపు కింద తిప్పుతుంటే ముక్క మొత్తం ఒక్కసారిగా చీకటి కావాలి. సగం నల్లబడి సగం వెలుగుతుంటే అది జంట స్ఫటికం, పక్కన పెట్టండి. వచ్చింది ఫాస్ఫైటేనా, ఆక్సీకరణ జరిగి ఫాస్ఫేట్ అయిందా? ఐఆర్‌లో 2400 దగ్గర పీ–హెచ్ గీత ఉందేమో చూడండి. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు 1925లో ఫిస్క్‌తో కలిసి ఇచ్చిన మాలిబ్డేట్ నీలిరంగు పద్ధతి ఫాస్ఫేట్‌ను పట్టిస్తుంది. ఖరీదైన యంత్రం ఖాళీ అయ్యేదాకా కూర్చోనక్కర్లేదు.

గైడును కలిసినప్పుడు మొహమాటపడకుండా అడగండి: సింగిల్ క్రిస్టల్ యంత్రం ఇక్కడే ఉందా? విద్యార్థులే నిర్మాణం సాధిస్తారా, ఎవరో చేసిపెడతారా? రెండో జవాబు వస్తే ఇంకో ల్యాబు చూసుకోండి. బెంగళూరులో సి.ఎన్.ఆర్. రావు, ఎస్. నటరాజన్ బృందాల పేపర్లు చదివి వెళ్తే మాట కలుస్తుంది.

డబ్బు సంగతి. జేఆర్‌ఎఫ్ 2023 నుంచి నెలకు 37,000, ఇంటద్దె వేరే. గిరిజన విద్యార్థులకు కేంద్రం జాతీయ ఫెలోషిప్ విడిగా ఇస్తుంది. మన సవర, జాతాపు పిల్లలు గడువు దాటనివ్వకండి. తర్వాత ఉద్యోగానికి భయం లేదు. 1998లో రిటోనవిర్ మందు వేరే స్ఫటిక రూపంలోకి మారిపోయి మార్కెట్టులో ఆగిపోయిన దగ్గర్నుంచి, ఘనరూపాలు చదవగలిగినవాళ్ల విలువ ఫార్మా కంపెనీలకు బాగా తెలిసొచ్చింది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలవాళ్లకూ ఇదే చదువు కావాలి.

రాజీనామా కాగితం తర్వాత రాద్దురుగాని. వచ్చే ఆదివారం మెర్క్యురీ ఉచిత ప్రోగ్రాం దించుకుని, క్రిస్టలోగ్రఫీ ఓపెన్ డేటాబేస్‌లోంచి ఒక జింకు ఫాస్ఫైట్ ఫైలు తెరవండి. ఒక భాస్వరం పరమాణువు మీద క్లిక్ చేసి, దాని చుట్టూ ఆక్సిజన్లు లెక్కపెట్టండి. మూడే ఉండాలి. నాలుగో చోట ఏముందో వెతకండి.