విదేశీ దుష్ప్రచారాన్ని ఎదుర్కొనే జాతీయ వ్యూహం: ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈ పని కొత్తగా చేపట్టినవారు ముందు అబద్ధపు వార్తలన్నింటినీ ఆపేద్దామనుకుంటారు. అలా చేయకండి. పౌరుడు పొరపాటున నమ్మిన మాట, ప్రభుత్వాన్ని తిట్టిన మాట మీ పరిధిలోకి రాకూడదు. మీరు వెతకాల్సింది ముసుగు వెనకున్న పరాయి చేతిని.

1. ముందుగా హద్దు గీయండి. 2021 జులైలో ఫ్రాన్స్ నెలకొల్పిన విజినమ్ సంస్థ నాలుగు విషయాలు చూస్తుంది: దేశ మౌలిక ప్రయోజనాలకు దెబ్బ ఉందా, మాట స్పష్టంగా తప్పుదారి పట్టించేదేనా, దాన్ని కావాలని కృత్రిమంగా, భారీగా వ్యాప్తి చేస్తున్నారా, విదేశీ ప్రమేయం ఉందా. ఈ నాలుగూ కలిస్తేనే కదలండి. ఒక్కటి తగ్గినా సొంత ప్రజల నోరు నొక్కే పనిముట్టు తయారవుతుంది. నాకున్న పెద్ద భయం అదే.

2. బాధ్యత ఒక సంస్థకు అప్పగించండి. స్వీడన్‌లో ఈ పని చూసే మానసిక రక్షణ సంస్థ 2022 జనవరి 1న మొదలైంది. అధికార పార్టీ ప్రచార విభాగం నీడ కూడా మీ సంస్థపై పడకూడదు. పైన పర్యవేక్షణకు న్యాయ, పత్రికా రంగాల వాళ్లను పెట్టండి.

3. ఆధారాలు కూడబెట్టండి. 2022లో బయటపడ్డ డాపెల్‌గ్యాంగర్ ప్రచారంలో రష్యా తరఫువాళ్లు లె మోండ్ పత్రిక సైట్‌ను అచ్చు దించారు. అదే లోగో, అదే అక్షరాలు. కానీ చిరునామా చివర డాట్ ఎఫ్ఆర్ ఉండాల్సిన చోట డాట్ ఎల్‌టీడీ. ఇలాంటిది కనబడగానే పూర్తి చిరునామా, తేదీ, సమయం, స్క్రీన్‌షాట్ భద్రపరచండి. మర్నాటికి ఆ పేజీ ఉండకపోవచ్చు.

మాట మొదట ఎక్కడ పుట్టిందో కూడా వెతకండి. ఎయిడ్స్ వైరస్‌ను అమెరికా తయారుచేసిందన్న కథ 1983 జులైలో ఢిల్లీ పత్రిక పేట్రియట్‌లో, పేరు లేని ఉత్తరంగా వచ్చింది. రెండేళ్ల తర్వాత ఒక సోవియట్ పత్రిక ఆ భారతీయ పత్రికనే ఆధారంగా చూపించింది.

4. జవాబు ఇవ్వండి, అదీ జనం మాట్లాడే భాషలో. ఇది అన్నిటికన్నా కష్టమైన మెట్టు. 2021 చివర్లో స్వీడన్ అధికారులు ముస్లిం పిల్లలను ఎత్తుకుపోతున్నారన్న ప్రచారం అరబిక్‌లో మొదలై దేశాలు దాటింది. పిల్లలకు దూరమైన కొందరు తల్లిదండ్రుల నిజమైన బాధను అది వాడుకుంది. కాబట్టి "అంతా అబద్ధం" అన్న ఒక్క ప్రకటన చాలదు. బిడ్డను సంరక్షణలోకి ఎప్పుడు తీసుకుంటారు, కోర్టు పాత్ర ఏమిటి, తల్లిదండ్రులు ఎలా అప్పీలు చేసుకోవచ్చు అన్నవి వాళ్ల భాషలోనే వివరించాలి. వాళ్లు నమ్మే డాక్టరు, టీచరు, మత పెద్ద ద్వారా చేరితే ఇంకా మంచిది. మన దగ్గరైనా ఇంతే. తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేదానికి ఢిల్లీ నుంచి ఇంగ్లిష్ ప్రెస్‌నోట్ జవాబు కాదు.

ఆధారం గట్టిగా లేకుండా ఏ దేశం పేరూ ఎత్తకండి. ఒక్కసారి తప్పితే తర్వాతి హెచ్చరికను ఎవరూ నమ్మరు.

5. ఎన్నికలకు ముందే రిహార్సల్ చేయండి. ఎన్నికల అధికారులు, పోలీసులు, సంపాదకులు, సోషల్ మీడియా కంపెనీల ప్రతినిధులు ఒక గదిలో కూర్చుని, రేపు పోలింగ్ అనగా ఒక దొంగ వీడియో వచ్చిందనుకుని ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారో చేసి చూడాలి. అక్కడ తేలిన లోపాలతో వ్యూహాన్ని సవరించి, ఏటా పార్లమెంటుకు నివేదిక ఇవ్వండి.