విశ్వము రూపొందిన తీరు – దీపములతో గణితము

హైదరాబాదు పాతబస్తీలో ఫిసల్‌బండ యను తావు గలదు. 1901లో నవాబు జఫర్ జంగు అచ్చట స్వంత దూరదర్శినితో ఒక వేధశాలను నెలకొల్పెను. నిజామియా వేధశాలకు అదియే మొదలు. తరువాత అది బేగంపేటకు తరలి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయము అధీనములోనికి వచ్చినది. అచ్చటి పండితులు లక్షలాది నక్షత్రముల స్థానములను కొలిచి పట్టికలు వెలువరించిరి.

నక్షత్రములను లెక్కించుట యొకటి, అవి గుంపులుగా ఎట్లేర్పడెనో తెలిసికొనుట వేరొకటి. గెలాక్సీలనబడు మహానక్షత్ర సముదాయములు రెండు ఢీకొని కలియుటకు కోట్ల సంవత్సరములు పట్టును. అంతకాలము కనిపెట్టి చూడగలవారెవరు? అందుచే శాస్త్రజ్ఞులు నమూనా చేసి చూతురు.

1941లో స్వీడను దేశీయుడగు హోల్మ్‌బెర్గ్ చేసిన పని మాకు మిక్కిలి ముచ్చట గొలిపినది. అతడు ఒక్కొక్క గెలాక్సీకి 37 చొప్పున 74 విద్యుద్దీపములను బల్లపై పేర్చెను. దూరము రెట్టింపయినచో వెలుతురు నాలుగవ వంతగును. ఆకర్షణ శక్తియు అట్లే తగ్గును. కావున ఒక్కొక్క దీపమున్న చోట మిగిలినవాని వెలుతురును కొలిచి, దానినే ఆకర్షణగా నెంచి, దీపములను కొంచెము కొంచెముగా జరుపుచు పోయెను. యంత్రగణకములు లేని దినములలో ఇంతకన్న తెలివైన ఉపాయము మాకు తోచదు.

ఉస్మానియాలో ఈ విద్యను పెంచినవారు ఆచార్య సాలెహ్ మొహమ్మద్ అలాదీన్. ఆయన 1963లో షికాగోలో డాక్టరేటు పొంది, గెలాక్సీలు ఢీకొనునప్పుడు ఏవి కలియునో, ఏవి చెదరునో గణితముతో పరిశోధించిరి.

నేడు ఆ పని కంప్యూటర్లది. సుమారు 1380 కోట్ల సంవత్సరముల క్రిందట పుట్టిన విశ్వము మొదట దాదాపు సమముగా నుండెను. హెచ్చుతగ్గులు లక్షలో ఒక వంతు మాత్రమే. చదునుచేసిన పొలములో వ్రేలి మందము పల్లమున్నను నీరు అచ్చటికే చేరును గదా! అట్లే కొంచెము చిక్కనైన తావులు చుట్టుప్రక్కల పదార్థమును లాగికొనెను. 2005లో వేయికోట్లకు పైగా కణములతో లెక్కింపగా, దూరదర్శినులలో కనబడునట్టి దారములు, శూన్యములే ఏర్పడినవి. అయితే కంటికి కానరాని కృష్ణపదార్థమును చేర్చినగాని లెక్క కుదరలేదు.

లెక్క సరియో కాదో తేల్చునది ఆకాశమే. 1968లో జపాల్–రంగాపూర్‌లో 48 అంగుళముల దూరదర్శిని వెలసినది; పిమ్మట నగరపు వెలుగులు దాని చీకటిని హరించినవి. వీధిదీపములు వేయించు పంచాయతీ సభ్యులు పైన మూతగల దీపములను కోరవచ్చును. వెలుతురంతయు బాటపైననే పడుటచే తక్కువ కరెంటు చాలును.