ఇంటిచదువునకు పుస్తకముల యెంపిక
చదువవలసిన భాగములు: లూకా 1:1–4, అపొ. కార్యములు 17:22–28

మైలవరములో ఒక తల్లి, ఇంటియొద్ద చదివి ఓపెన్ స్కూలు పదవ తరగతి పరీక్ష వ్రాయనున్న కుమార్తెను గూర్చి, “అయ్యగారూ, దీనికి బైబిలు చాలదా? వేరే కథలు, కావ్యములు ఎందుకు?” అని అడిగెను.

చరిత్రకు లూకా మనకు మాదిరి. అతడు కన్నులార చూచినవారి సాక్ష్యమును పరిశోధించి వరుసగా వ్రాసెను. కాబట్టి పాఠ్యపుస్తకముతో ఆగక, కొండపల్లి కోటను, జగ్గయ్యపేట బౌద్ధస్తూపమును బిడ్డకు చూపుడి, రాళ్లును సాక్షులే.

సాహిత్యమునకు పౌలు మాదిరి. ఏథెన్సువారితో వారి కవుల మాటయే యెత్తి మాటలాడెను. కాబట్టి వేమనను, గురజాడ ‘కన్యాశుల్కము’ను, జాషువ ‘గబ్బిలము’ను (1941) చదివింపుడి. అంటరానివాడని త్రోయబడినవాని మొర గబ్బిలము కాశికి మోసికొనిపోవు కావ్యమది. మన పల్లెల కన్నీరు అందున్నది.

అమ్మా, బైబిలు దీపము. దీపము వెలిగించుట చుట్టునున్నవి చూచుటకే గదా!

ఆలోచించుడి: ఈ వారము మీ బిడ్డతో కలిసి ఏ పుస్తకము తెరచెదరు?