పిస్టన్ చేతికొచ్చాకే బోరు

ఆర్‌ఎక్స్ 100 బైకు తయారీ 1996లోనే ఆగిపోయింది. దాని ఇంజన్ విప్పి ఇంకా స్పీడు చేయమని వచ్చే కుర్రాళ్లు మాత్రం ఆగలేదు. "అన్నా, పోర్టింగ్ చేస్తావా?" అని అడగ్గానే సిలిండర్ పోర్టులు అరగదీయడానికి ఫైలు పట్టుకోకండి. ముందు సామాను సంగతి తేల్చుకోండి.

బోరు గేజ్‌తో సిలిండర్‌ని పైన, మధ్యన, కింద, రెండు దిక్కులా కొలవండి. స్టాండర్డ్ బోరు 50 మి.మీ. ఎంత అరిగిందో తెలిస్తే 0.25 మి.మీ. ఓవర్ సైజు సరిపోతుందా, 0.50కి వెళ్లాలా అన్నది తేలుతుంది. అప్పుడు పిస్టన్ కొనండి, ఆ తర్వాతే లేత్ షాపు. ముందే బోరు కొట్టించి పిస్టన్ కోసం తిరిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. డబ్బా మీద ఒకే సైజు రాసున్నా, మైక్రోమీటర్ పెడితే రెండు పిస్టన్లు ఒక్కలా ఉండకపోవచ్చు. పిస్టన్‌ని మేస్త్రీ చేతికిచ్చి, దాన్ని కొలిచాకే బోరు కొట్టమనండి.

బేరింగులకి వెళ్లేటప్పుడు పాతదాని మీదున్న నంబరు చివరి అక్షరాలతో సహా రాసుకోండి. సి3 అని ఉంటే లోపల వదులు మామూలు కన్నా ఎక్కువని అర్థం. వేడికి బేరింగు బిగుసుకోకుండా కాపాడేది ఆ వదులే. పెద్ద కంపెనీ బేరింగు సగం ధరకిస్తానంటే డూప్లికేట్ అనుకోండి. అనుమానముంటే ఫోటోలు పంపి అడగడానికి బేరింగుల కంపెనీ ఎస్‌కేఎఫ్‌కి యాప్ కూడా ఉంది.

నన్ను ముంచింది మాత్రం ఆయిల్ సీలు. ఎప్పటిదో కంపెనీ సీలు దొరికిందని సంబరపడి వేశాను. అరలో ఏళ్ల తరబడి ఉండి దాని రబ్బరు గట్టిపడిందని గమనించలేదు. టూ స్ట్రోక్‌లో గాలి, పెట్రోలు క్రాంక్ కేసు మీదుగానే సిలిండర్‌లోకి వెళతాయి. మాగ్నెట్ వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి దూరుతుంది, పెట్రోలు పాలు తగ్గి వేడి పెరుగుతుంది. నాకు అదే జరిగి పిస్టన్ పట్టేసింది. కొత్త పిస్టన్, మళ్లీ బోరు, రెండూ నా జేబులోంచే. క్లచ్ వైపు సీలు పోతే కాస్త నయం, గేరాయిల్ కాలి పొగ రూపంలో ముందే చెబుతుంది. పాత స్టాకులో ఇనుము కొనొచ్చు గానీ రబ్బరు కొనకండి.

విజయవాడ ఆటోనగరైనా, సికింద్రాబాద్ రాణిగంజైనా బిల్లిచ్చి, సైజు తేడా వస్తే మార్చే కొట్టునే పట్టుకోండి. కస్టమర్‌కి సామాను లిస్టు, ధరలు రాసిచ్చి అడ్వాన్సు తీసుకోండి. ఆన్‌లైన్‌లో తనే తెప్పించిన పిస్టన్ కిట్ వేయమంటే, దానికి గ్యారంటీ లేదని బిల్లు మీద రాసి సంతకం పెట్టించుకోండి.